ఓడకి రెండో పక్క

4, సోమవారం

మా ఆవిడ వాళ్ళక్కగారింటికి వెళ్ళింది. వదినగారికి మోకాలు నొప్పి, సాయానికి వెళ్ళింది. ఎదురింటావిడ అడిగితే అదే చెప్పాను. ఇస్త్రీ చేసే ఆయనకీ అదే చెప్పాను, ఆయన అడగకపోయినా.

ఇల్లు ప్రశాంతంగా ఉంది.

5, మంగళవారం

ప్రశాంతంగానే ఉంది. గుడ్లు పొయ్యి మీద పెట్టి పేపరు చదువుతూ కూర్చున్నాను. నీళ్ళు ఇగిరిపోయి, గిన్నె మాడి, గుడ్లు ఢామ్మని పేలాయి. గుడ్లు పేలతాయని ఇన్నేళ్ళలో నాకు ఒక్కరూ చెప్పలేదు.

సాయంత్రం బావమరిది వచ్చాడు. మాడు వాసన పీల్చాడు, కిటికీ తెరిచాడు, కూర్చున్నాడు.

"బావా, నాకో ఓడ కావాలి" అన్నాడు.

వీడు మా ఆవిడకి తమ్ముడు. ఇన్నాళ్ళూ సబ్బుల ప్రకటనలూ, స్కూలు వార్షికోత్సవాలూ తీశాడు. ఇప్పుడు దెయ్యాల సినిమా తీస్తాడట. నలభై ఏళ్ళ కింద రేవు నుంచి బయల్దేరి మాయమైపోయిన ఓడ ఒకటి, ఉన్నట్టుండి పొగమంచులోంచి తిరిగొస్తుంది. అందులో వాళ్ళకి ఒక్క వెంట్రుకా నెరవలేదు. రేవులో మాత్రం వాళ్ళ పిల్లలు ముసలివాళ్ళైపోయి ఉంటారు. కథ బాగానే ఉంది. పెట్టుబడి ఒక పళ్ళ డాక్టరుది. కెప్టెన్ వేషం తనకే ఇవ్వాలన్నది ఆయన షరతు.

"ఓడంటే ఎంత ఓడరా?" అన్నాను.

"చాలా పెద్ద ఓడ బావా. బడ్జెట్టు మాత్రం చాలా చిన్నది."

సెట్లు వేయడం నా వృత్తి. నాటకాలకి వేశాను, టీవీకి వేశాను. చెక్కా గుడ్డా ఇస్తే రాజమహల్ నిలబెట్టాను. ఓడ ఒక లెక్కా? సరే అన్నాను. ఇంట్లో కూర్చుని మాత్రం చేసేదేముంది.

మా ఆవిడ ఎలా ఉందని నేను అడగలేదు. అక్క ఇంట్లో ఎందుకు లేదని వాడూ అడగలేదు. అంటే వాడికంతా తెలుసన్నమాట.

7, గురువారం

ఆ మేడ మీద గది సంగతి ఒకసారి రాసేసి వదిలించుకుంటాను.

మా ఆవిడ బట్టలు కుడుతుంది. ముందుగదిలో మిషను, దాని చుట్టూ గుడ్డపీలికలు, కొలతలివ్వడానికి వచ్చేవాళ్ళు. మేడ మీద నాకో గది వెయ్యండి మహాప్రభో అని చాలాకాలంగా అడుగుతోంది. వేస్తానన్నాను. పూర్తయ్యేదాకా పైకి రావద్దని కూడా అన్నాను. పాపం, రాలేదు. నమ్మింది. వాళ్ళక్కకి ఫోను చేసి మరీ గొప్పలు చెప్పుకుంది.

వదినగారు చూడటానికి వచ్చారు. వాకిట్లో నిలబడి పైకి చూశారు. పసుపురంగు గోడ, గోడకి కిటికీ, కిటికీకి తెల్ల తెర, తెర వెనక దీపం. "ఎంత బాగుందే!" అన్నారు. మా ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తిరిగాయి, నేను చూశాను. అక్కడితో ఆగి కిందికే టీ తెప్పించుకుంటే ఏ గొడవా లేదు. పైకెక్కారు. వదినగారు తలుపు తీశారు. తలుపవతల నీళ్ళ ట్యాంకు ఉంది, ఆరేసిన నా బనీన్లు ఉన్నాయి.

మిగతా మూడు గోడలూ తరవాత కడదామనుకున్నాను. ఏ గోడైనా ఒకటి ముందు కట్టాల్సిందే కదా! దానికి తెర వేసి, వెనక దీపం పెట్టడం మాత్రం కాస్త ఎక్కువైందేమో.

మా ఆవిడ అరిస్తే బాగుండేది. అరవలేదు. "మీ వ్యవహారమంతా ఇంతేనండీ. చూసేవాళ్ళ వైపే. వెనక పక్కన ఉండేది నేను" అంది. వదినగారు వచ్చిన ఆటో అప్పటికింకా వెళ్ళలేదు. పెట్టె, దిండు పట్టుకుని అందులోనే వెళ్ళిపోయింది.

వదినగారి మోకాళ్ళు నిక్షేపంలా ఉన్నాయి. మేడ మెట్లు చకచకా దిగారు.

12, మంగళవారం

మూతపడిన శీతల గిడ్డంగి ఒకటి అద్దెకి తీసుకున్నాం. గోడల్లోంచి ఇంకా చలి వస్తుంది. ఓడకి ప్లైవుడ్డు, రేకు, పాత లారీ చక్రాలు. వెనక నిలబడి నలుగురు తోస్తే కదులుతుంది. సముద్రం లేదు. పొగే సముద్రం. దోమల మందు కొట్టే మిషను ఒకటి ఎక్కడినుంచో అరువు తెచ్చాడు బావమరిది. సినిమా ఆడినా ఆడకపోయినా ఈ చుట్టుపక్కల దోమలు మాత్రం ఉండవు.

ఓడకి ఒక్క పక్కే కడుతున్నాను. అది పనితనం. కెమెరా చూసేది కడతాం, చూడనిది కట్టం. ఇక్కడే కెమెరామన్ ఒక పేచీ పెట్టాడు. ఇతన్ని అందరూ గడ్డం అంటారు, ఎదురుగానే అంటారు.

"వెళ్ళేటప్పుడు ఓడ ఎడమవైపు పోతుంది. తిరిగొచ్చేటప్పుడు కుడివైపు రావాలి కదా సార్? రెండో పక్క లేకపోతే ఎలా వస్తుంది?"

"బొమ్మని తిప్పెయ్యి. అద్దంలో చూసినట్టు" అన్నాను.

అందరూ నన్ను మెచ్చుకున్నారు. తిప్పితే మనుషులు కూడా తిరగబడతారు కాబట్టి, తిరిగొచ్చే సీనుకి అందరి పాపిడీ అటుది ఇటు తియ్యాలి. కెప్టెన్‌కి ఎడమ చెంప మీద కత్తిగాటు ఉంది. దాన్ని ఆ రోజు కుడి చెంప మీద వెయ్యాలి. మేకప్ ఆవిడ మూడుసార్లు చెప్పించుకుని, తన చేతిమీదే రంగుతో రాసుకుంది. ఓడకి పేరు పెట్టలేదు. తిప్పితే అక్షరాలు తిరగబడతాయి.

ఇంట్లో కుళాయి కారుతోంది. రాత్రంతా టప్ టప్. ఆవిడ ఉన్నప్పుడు కూడా ఇలాగే కారేదా?

16, శనివారం

ఇవాళ ఓడ బయల్దేరే సీను. మా ఓడ అద్భుతంగా ఉంది, ముందునుంచి.

ప్రయాణికులందరూ డాక్టరుగారి పేషెంట్లే. వచ్చినవాళ్ళకి ఊరికే పళ్ళు శుభ్రం చేస్తానన్నాడు. అందుకని అందరూ నోరంతా తెరిచి చేతులూపారు. డాక్టరుగారైతే చావబోయే ఓడ ఎక్కుతూ కూడా పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు.

"మీకు మరణం ముంచుకొస్తోంది డాక్టరుగారూ" అని బావమరిది బతిమాలాడు.

"కెప్టెన్‌కి తెలీదు కదండీ, నవ్వుకోనివ్వండి" అన్నాడాయన. ఆయన మాటా నిజమే.

ప్యాకప్ అయ్యాక బావమరిది నా పక్కన కూర్చున్నాడు. టీ కప్పు గుండ్రంగా తిప్పుతున్నాడు. వీడు కప్పు తిప్పాడంటే ఏదో మోసుకొచ్చాడని అర్థం.

"చిన్నక్క పెద్దక్క వాళ్ళ వీధిలోనే ఓ గది చూసుకుంది బావా. అద్దెకి."

"మంచిదేగా" అన్నాను.

"నెలాఖరు ఆదివారం వ్యాన్ తీసుకొస్తుందట. మిషనూ మిగతా బట్టలూ తీసుకెళ్ళిపోవడానికి."

"మంచిదే" అన్నాను మళ్ళీ.

"ఓడ గురించి చెప్పాను. నవ్వింది."

"ఏమంది?"

"వద్దులే బావా."

"చెప్పరా!"

"దానికీ ఒక్క పక్కేనా అంది."

మంచిదే. గది చూసుకుంటే చూసుకోనీ. గాలీ వెలుతురూ ఉన్న గదే అయి ఉంటుంది. నాకేం, ముందుగది ఖాళీ అవుతుంది. కుర్చీ వేసుకుంటాను.

17, ఆదివారం

ముందుగదిలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఏమీ తోచలేదు.

18, సోమవారం

ఓడకి రెండో పక్క మొదలుపెట్టాను. దానికీ ఆవిడ మాటకీ ఏ సంబంధమూ లేదు. ఒక పక్కే బరువుంటే చక్రాలు అటు ఒరుగుతున్నాయి. పైగా తోసేవాళ్ళకి గాలాడటం లేదు. రెండో పక్క కట్టి కిటికీలు పెడితే గాలాడుతుంది.

వాళ్ళని ఓడ పొట్టలోకి పంపించేశాను.

21, గురువారం

పొద్దున్నే వెళ్ళి, షూటింగు మొదలయ్యేలోపు రెండో పక్క చేస్తున్నాను. కిటికీలకి చట్రాలు బిగించాను. తుప్పు మరకలు వేశాను. లోపల ఒక చిన్న గది కట్టాను, నాలుగు గోడలూ ఉన్నది. లోపల మంచం, కొక్కేనికి లాంతరు.

"ఇదంతా ఎవరికోసం బావా?" అన్నాడు బావమరిది.

"గాలి కోసం."

"గాలికి మంచమెందుకు?"

వీడికి కళ ఎక్కడ అర్థమవుతుంది.

సాయంత్రం మా ఆవిడకి ఫోను చేశాను. పంచదార డబ్బా ఎక్కడుందని అడిగాను. "పొయ్యి పక్కన, పై అర" అంది. కాసేపు ఆగింది. నేనూ ఆగాను. పెట్టేసింది. డబ్బా పొయ్యి పక్కన పై అరలోనే ఉంది. నాకు తెలుసు. చేతిలో పట్టుకునే ఫోను చేశాను.

25, సోమవారం

ఇవాళ ఓడ తిరిగొచ్చింది!

సీను మొదలవుతుందనగా గడ్డాన్ని చెయ్యి పట్టుకుని అవతలి వైపుకి తీసుకెళ్ళి చూపించాను. నోరెళ్ళబెట్టాడు. "ఇంకేం సార్, నేరుగా ఇటునుంచే తీసేద్దాం! తిప్పే పనే లేదు!" అని కెమెరా అవతలికి మోయించాడు. బావమరిది నన్ను కావలించుకున్నాడు. పొగ వదిలాం. పొగలోంచి ఓడ కుడివైపుకి కిర్రుకిర్రుమంటూ వచ్చింది, నిజం ఓడలాగే. పేషెంట్లందరూ తెల్లమొహాలతో దిగారు. డాక్టరుగారు ఈసారి నవ్వలేదు. ముందే బావమరిది ఆయన పళ్ళకి నల్లరంగు పూయించాడు.

ఇంత పనిమంతుణ్ణి పట్టుకుని ఒక్క పక్కేనా అంటుందా!

27, బుధవారం

ఎడిటింగు గదిలో చూశాం. ఓడ వచ్చింది. కెప్టెన్ దిగాడు. గాటు కుడి చెంప మీద ఉంది.

బయల్దేరినప్పుడు ఎడమ చెంప మీదుంది.

బొమ్మని తిప్పి చూశారు. గాటు ఎడమ చెంపకి వచ్చింది. ఓడ ఎడమవైపుకి వెళ్ళిపోయింది. నలభై ఏళ్ళ తరవాత తిరిగొచ్చిన ఓడ, రేవు మొహం చూసి మళ్ళీ వెనక్కి పోతున్నట్టుంది. తిప్పకపోతే కెప్టెన్ తప్పు, తిప్పితే ఓడ తప్పు.

మేకప్ ఆవిడని పిలిస్తే చెయ్యి చాపి చూపించింది. "కుడి చెంప" అని షూటింగు రోజు మళ్ళీ రాసుకున్న రంగు ఇంకా ఉంది. మార్పు సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది నేను. కెమెరా చోటు మార్పించిన పెద్దమనిషిని నేనే కదా.

బావమరిది నన్నేమీ అనలేదు. తల పట్టుకుని కూర్చున్నాడు. తిట్టినా బాగుండేది. ఈ కుటుంబంలో ఎవరూ తిట్టరు.

28, గురువారం

శనివారం మళ్ళీ తియ్యాలి. ఆ తరవాత గిడ్డంగి మాది కాదు. పేషెంట్లు రామన్నారు. ఒకసారి శుభ్రం చేశాక పళ్ళకి మళ్ళీ ఇప్పట్లో అక్కర్లేదట. దెయ్యాలు కావాలి.

"చుట్టాలున్నారుగా" అన్నాడు బావమరిది. అన్నాక నావైపు చూడలేదు.

29, శుక్రవారం

గడ్డం గీసుకున్నాను. రేపు పనుంది కాబట్టి.

30, శనివారం

వచ్చింది. వదినగారితో కలిసి వచ్చింది. నన్ను చూసి తల ఊపింది, బస్సులో తెలిసినవాళ్ళు కనిపిస్తే ఊపుతామే, అలా.

మేకప్ ఆవిడ అందరికీ తెల్లరంగు పూసింది. వదినగారు అద్దంలో చూసుకుని కెవ్వుమన్నారు. మా ఆవిడ తన బట్టలు తనే సరిచేసుకుంది, పక్కవాళ్ళ చిరుగులకి కుట్లు వేసింది. దెయ్యాల చిరుగులవి, ఉండనివ్వమని బావమరిది మొత్తుకున్నాడు. వినదుగా.

తరవాత కనిపించలేదు. వెతుక్కుంటూ వెళ్తే ఓడ అవతలి వైపు ఉంది. ఆ చిన్న గది తలుపు తీసి లోపల నిలబడి ఉంది. గోడ మీద చెయ్యి వేసి నొక్కి చూస్తోంది. ఆ మొహం అంత తెల్లగా ఉంటే కోపమో ఏమిటో ఎలా తెలుస్తుంది?

"ఈ గది కెమెరాకి కనిపిస్తుందా?" అంది.

"కనిపించదు."

"మరెందుకు కట్టారు?"

అసలు మాట నోటిదాకా వచ్చింది. "గాలి కోసం" అన్నాను.

నావైపు అలా చూసి, వెళ్ళి దెయ్యాల వరసలో నిలబడింది. చెంపలు వాయించుకోవాలనిపించింది. రేపు వ్యాన్ వస్తుంది. మిషను ఎక్కుతుంది. ఆ తరవాత ఆ ఇంట్లో నాకు గాలే గాలి.

పొగమిషనులో మందు ఒక్క టేకుకి సరిపడా మిగిలింది. దాన్ని పట్టుకునే మనిషి రాలేదు. నేనే పట్టుకుని, ఓడ నుంచి దిగే చెక్క పక్కన పీపా వెనక నక్కాను. బావమరిది అందరికీ గట్టిగా చెప్పాడు. "ఎవరూ ఆగకూడదు, తల తిప్పకూడదు, పలకకూడదు. మీరు చచ్చి చాలా కాలమైంది. పెద్దక్కా, ముఖ్యంగా నువ్వు!"

ఓడ వచ్చింది. కెప్టెన్ దిగాడు, గాటు ఎడమ చెంప మీదే ఉంది. వదినగారు దిగారు. ఒక్కొక్కరే నా పక్కనుంచి వెళ్తున్నారు. మా ఆవిడ ఆఖరు. పొగలోంచి దిగి వస్తోంది, చూపు ఎటో ఉంది, నేను ఉన్నట్టే లేదు. నిజంగానే భయం వేసింది. సినిమా భయం కాదు. ఇలాగే నా పక్కనుంచి నడిచి వెళ్ళిపోతుందని.

"గాలి కోసం కాదే" అన్నాను.

నడుస్తోంది.

"నువ్వన్న మాటకి కట్టాను. నువ్వు లేకపోతే ఇంట్లో నాకు అస్సలు బాగాలేదు. రేపు మిషను కోసం రాకు. నువ్వే వచ్చెయ్."

దెయ్యం ఆగింది. తల తిప్పింది. పొగలో నన్ను వెతికి, నడుం మీద చెయ్యి వేసుకుని, గిడ్డంగి మొత్తం వినపడేలా అంది:

"ఆ ముక్క ముందే ఏడవొచ్చుగా!"

గడ్డం భుజాలు కదిలిపోతున్నాయి, కెమెరా మాత్రం కదలనివ్వలేదు. ముందు నడుస్తున్న దెయ్యాలన్నీ పడీ పడీ నవ్వాయి. వదినగారు "ఏమన్నాడే, ఏమన్నాడే?" అని వెనక్కి పరిగెత్తుకొచ్చారు. మిషను బుస్సుమని ఆగిపోయింది. పొగ అయిపోయింది.

బావమరిది నెమ్మదిగా వచ్చి నా ముందు నిలబడ్డాడు. "మిగతా అంతా కత్తిరించుకుంటాను. కానీ తను తిరిగి చూసింది చూడు, అది మాత్రం ఉంచేస్తాను. అంత భయంకరంగా ఇంకెవరూ చూడలేరు. పెదాలు కదిలాయి కదా, ఆ దెయ్యం ఏమందని పెట్టమంటావు బావా?"

నాకు తెలీదన్నాను. ఆవిడ అప్పటికే వదినగారితో వెళ్ళిపోయింది. వస్తానని అనలేదు. రానని కూడా అనలేదు.

31, ఆదివారం

పొద్దున్నే మిషను తుడిచాను. నూనె వేశాను. తీసుకెళ్ళినా నూనె వేసింది తీసుకెళ్ళాలి కదా.

తరవాత వీధి అరుగు మీద కూర్చున్నాను. ఎదురింటావిడ, "వదినగారి మోకాలు ఎలా ఉందండీ?" అంది. "మోకాలు బాగానే ఉందండీ. మా ఆవిడకి నామీద కోపం వచ్చి వెళ్ళింది" అన్నాను. "మాకందరికీ తెలుసులెండి" అంది.

వ్యాన్ వచ్చింది. ఆవిడ మొహం చూసే ధైర్యం లేక ముందుగా వ్యాన్ వెనక్కి వెళ్ళి తలుపు తీశాను. ఖాళీగా ఉంటే తీసుకెళ్ళడానికి వచ్చినట్టు.

పెట్టె ఉంది. పెట్టె మీద ఆవిడ దిండు ఉంది.

"ఏంటలా నిలబడ్డారు? దించండి" అంది వెనకనుంచి.

"రేపటి నుంచి మేస్త్రీ వస్తాడు, మేడ మీదికి" అన్నాను.

"మీరు కట్టరా?"

"నేను ఇటుకలందిస్తాను."

"అందివ్వండి. నేను పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటాను" అంది. ముందు నడిచి గుమ్మం దాకా వెళ్ళింది. అప్పుడు చూశాను. రాత్రి మొహం కడుక్కున్నట్టుంది కానీ, రెండు చెవుల వెనకా తెల్లరంగు అలాగే ఉంది.

"దెయ్యం ఇంకా పోలేదే" అన్నాను. "చెవుల వెనక."

"చూసినవాళ్ళు తుడవాలి" అంది, తల తిప్పకుండా.

తువ్వాలు తడిపి తెచ్చాను. గుమ్మంలోనే నిలబెట్టి తుడిచాను. మొండి రంగు, ఒక పట్టాన వదల్లేదు. వ్యాన్ డ్రైవరు హారన్ కొట్టాడు. కొట్టనీ. ఆవిడ మెడ కాస్త వంచింది, నాకు అందేలా.